ఉప్పు తిన్న ఇత్తడి: రుషికొండ రెగ్యులేటర్లపై ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని రెగ్యులేటర్లు, అంటే సిలిండరులోని గాలిని ఒత్తిడి తగ్గించి డైవరు నోటికి అందించే పరికరాలు, విశాఖపట్నంలో రుషికొండ తీరాన నడిచే ఒక డైవింగ్ శిక్షణ కేంద్రానివి. వానాకాలం గడిచి, సముద్రం కుదుటపడి, కొత్త సీజనుకు సామాను సిద్ధం చేసుకుంటున్న రోజుల్లో సిబ్బంది వాటిని సిలిండర్లకు బిగించి చూశారు. కొన్నింటిలో సెకండ్ స్టేజ్‌ను ఎవరూ నోట పెట్టుకోకుండానే గాలి బుసకొడుతూ వచ్చేసింది. మరికొన్నింటిలో ప్రెజర్ గేజి మెడ దగ్గర సన్నగా గాలి కారింది. ఒకదానిలో, సిలిండరుకు పట్టి బిగించే యోక్ స్క్రూ చేతికి తిరగనే లేదు. అన్నీ ఒకే మోడలు, ఒకే విడతలో కొన్నవి, రెండు సీజన్లకు మించి వాడనివి. తయారీదారులు సాధారణంగా ఏడాదికొకసారి గాని, వంద డైవులకొకసారి గాని, ఏది ముందు వస్తే అప్పుడు సర్వీసు చేయించమంటారు. ఈ కేంద్రం వారు డైవుల లెక్క మాత్రమే పట్టుకున్నారు. ఆ లెక్కన చాలా సెట్లకు ఇంకా గడువు మిగిలే ఉంది. సామాను చూసుకునే అతను "రోజూ కడిగే పెడుతున్నామండీ, ఒక్కపూట కూడా మానలేదు" అన్నాడు. అతని మాట నిజమేనని తరువాత విచారణలో తేలింది. బాగుచేయడానికి మా దగ్గరికి వచ్చిన వాటిని విప్పితే లోపల చిలుము కనిపించింది. రోజూ కడిగితే ఇంత చిలుము ఎక్కడిదన్నదే ఈ కేసులో తేల్చుకోవలసిన ప్రశ్న అయింది.

పోల్చి చూసుకోవడానికి మాకు ఒక మంచి అవకాశం దొరికింది. అదే విడతలో కొన్న రెండు సెట్లను ఒక శిక్షకుడు తన సొంతానికి తీసుకుని, రోజూ ఇంటికి పట్టుకుపోయి, మునిసిపల్ కుళాయి నీళ్ళలో నానబెట్టి, గాలి ఆడే గదిలో వేలాడదీసేవాడు. అవి కూడా అదే సముద్రంలో, దాదాపు అన్నే డైవుల్లో మునిగినవే. వాటిని కూడా తెప్పించి పక్కన పెట్టుకున్నాం.

పరికరం, దాని లోహాలు

సిలిండరులో 200 బార్ దాకా ఉండే గాలిని ఫస్ట్ స్టేజ్, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా 9 నుంచి 10 బార్ మాత్రమే ఎక్కువ ఉండేటట్టు దించుతుంది. దీనిని మధ్యస్థ ఒత్తిడి అంటాం. అక్కడి నుంచి హోసు ద్వారా వచ్చే గాలిని సెకండ్ స్టేజ్, డైవరు పీల్చినప్పుడు మాత్రమే నోటికి అందిస్తుంది. ఈ మోడలులో ఫస్ట్ స్టేజ్ బాలెన్స్‌డ్ పిస్టన్ రకానిది. పిస్టన్‌కు బోలుగా ఉండే కాడ ఒకటి ఉంటుంది. దాని కొన కత్తి అంచులా సన్నగా ఉండి గట్టి ప్లాస్టిక్ సీటు మీద ఆనుకుంటుంది. గాలి ఆగడమూ, వదలడమూ ఆ అంచు దగ్గరే జరుగుతుంది. స్ప్రింగు ఉండే గదిలోకి రంధ్రాల గుండా సముద్రపు నీరు నేరుగా వస్తుంది, రావాలి కూడా. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడిని సరిచేసుకోవడానికి పిస్టన్‌కు ఉన్న దారి అదొక్కటే. పిస్టన్‌కు బదులు పలుచని పొర ఉండే డయాఫ్రమ్ రకంలో, ముఖ్యంగా స్ప్రింగు గదిని పూర్తిగా మూసేసిన వాటిలో, ఈ తాకిడి బాగా తక్కువ. పిస్టన్ రకం సాదాగా ఉంటుంది, గాలి ధారాళంగా ఇస్తుంది, బాగుచేయడం తేలిక. కాని ఉప్పును లోపలికి పిలిచి కూర్చోబెడుతుంది.

బాడీ ఇత్తడి. అందులో అరవై శాతం పైచిలుకు రాగి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జింకు, లేతు మీద తరుగు సులువుగా తెగడానికి కొద్దిగా సీసం. దాని మీద నికెల్ పూత, నికెల్ మీద అతి పలుచని క్రోమ్ పూత. చూసేవారికి కనిపించే మెరుపు క్రోముది. ఇత్తడిని నిజంగా కాపాడేది కింద ఉన్న నికెల్. క్రోమ్ పూతలో కంటికి ఆనని పగుళ్ళు సహజంగానే ఉంటాయి. నికెల్‌కు కూడా ఎక్కడైనా చిల్లు పడి ఉప్పునీరు ఇత్తడిని తాకిందంటే, ఆ సూదిమొన అంత చోటు కరిగిపోయే ఆనోడుగా, చుట్టూ ఉన్న విశాలమైన పూత కరగని కాథోడుగా పనిచేస్తాయి. చిన్న ఆనోడు, పెద్ద కాథోడు కలిసినచోట క్షయం వెడల్పుకు పోదు, లోతుకు దిగుతుంది. అందుకే బయటి నుంచి రెగ్యులేటర్‌ను చూసి దాని స్థితి చెప్పడానికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ పరికరానికి అతికినట్టు సరిపోతుంది.

విప్పక ముందు, విప్పిన తరువాత

బల్ల మీద మొదటి పని కొలవడం. మధ్యస్థ ఒత్తిడి గేజిని తగిలించి, సిలిండరు తెరిచి, సెకండ్ స్టేజ్ మీద గాలి వదలడానికి ఉండే పర్జ్ బటన్‌ను కొన్నిసార్లు నొక్కి వదిలాక, ముల్లు ఒకచోట నిలబడి అలాగే ఉండాలి. శిక్షకుడి రెండు సెట్లలో అది 9.5 బార్ దగ్గర నిలిచి కదలలేదు. కేంద్రం సెట్లలో ముల్లు అక్కడికి వచ్చి ఒక్క క్షణం ఆగి, తరువాత నెమ్మదిగా పాకుతూ 12 బార్ దాటేది. ఆపైన సెకండ్ స్టేజ్ తనంతట తాను తెరుచుకుని గాలి వదిలేసేది. ఫస్ట్ స్టేజ్ సీటు సరిగా మూసుకోవడం లేదనడానికి ఇది తిరుగులేని గుర్తు. సెకండ్ స్టేజ్ వాల్వు గాలి పారే దిక్కుకే తెరుచుకునేలా ఉంటుంది కనుక, ఒత్తిడి మితిమీరితే హోసు పగలకముందే గాలి బయటికి పోతుంది. అంటే సిబ్బందిని కంగారుపెట్టిన ఆ బుస, పరికరం తన డిజైను ప్రకారం తనను కాపాడుకోవడమే. అయితే నీటి అడుగున అదే జరిగితే సిలిండరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషి దగ్గర అది చిన్న విషయం కాదు.

సెకండ్ స్టేజ్‌ల సంగతి త్వరగా చెప్పేయవచ్చు. పీల్చడానికి పట్టే బలం నీటి స్తంభం లెక్కన 25 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఒకటి రెండింటిలో లివరు బిగుసుకుని ఇంకా ఎక్కువ పట్టింది. సిలికోన్ ఎగ్జాస్ట్ వాల్వుల అంచున ఇసుక రేణువులు చిక్కుకుని ఉన్నాయి. అవన్నీ కడుగుతో, మామూలు సర్వీసు కిట్‌తో పోయేవే.

అసలు కథ ఫస్ట్ స్టేజ్‌లో ఉంది. యోక్ విప్పగానే కనిపించేది ఇన్‌లెట్ ఫిల్టర్. కంచు పొడిని అతికించి చేసిన చిన్న శంఖువు. ఈ ఫిల్టర్ రంగు చూసి సగం రోగం చెప్పవచ్చు. ఎర్రటి పొడి ఉంటే ఉక్కు సిలిండరు లోపల తుప్పు పట్టిందని అర్థం. నల్లటి పొడి ఉంటే కంప్రెసరులోని బొగ్గు ఫిల్టర్ జారిందని. తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం సిలిండరులో తడి చేరిందని. ఇక్కడ చాలావాటిలో ఆకుపచ్చ చిలుము ఉంది. అంటే గాలి వచ్చే దారినే నీళ్ళు వచ్చాయి. అలా రావడానికి సాధారణంగా రెండు దారులు. ఒకటి, సిలిండరు నుంచి విప్పాక గాలి దారికి వేసే మూత, అంటే డస్ట్ క్యాప్ పెట్టకపోవడం, లేదా తడి క్యాప్‌నే పెట్టేయడం. రెండోది, కడిగేటప్పుడు పర్జ్ బటన్ నొక్కడం. రెగ్యులేటర్‌లో గాలి ఒత్తిడి లేనప్పుడు ఆ బటన్ నొక్కితే సెకండ్ స్టేజ్ వాల్వు తెరుచుకుంటుంది, తొట్టిలోని నీళ్ళు హోసు గుండా పాకి ఫస్ట్ స్టేజ్ దాకా చేరతాయి. ఇసుక పోవాలని మంచి ఉద్దేశంతోనే నొక్కుతారు. ఇసుక పోతుంది, నీళ్ళు లోపల ఉండిపోతాయి.

ఒక సెట్‌ను వివరంగా చెబుతాను, మిగతావి దాని తమ్ముళ్ళే. స్ప్రింగు గది విప్పితే లోపలి గోడకు తెల్లని పెచ్చు, దాని అంచున ఆకుపచ్చని వలయం. స్టీలు స్ప్రింగు ఆఖరి చుట్టు పిస్టన్ భుజం మీద ఆనే చోట గోధుమరంగు మచ్చ. లోహాలు రెండు ఒరుసుకుని మధ్య సందులో ఆక్సిజన్ ఆడనిచోట స్టెయిన్‌లెస్ స్టీలు తనను కాపాడుకునే పొరను నిలుపుకోలేదు. 316 రకంలో మాలిబ్డినం ఉండడం వల్ల కొంత ఓర్చుకుంటుంది. లేతు పనికి సులువుగా ఉండాలని గంధకం కలిపిన 303 రకం అంత ఓర్చదు. పిస్టన్ తలకు ఉన్న పెద్ద ఓ-రింగు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయం) జరిగే గోడ మీద భూతద్దం పెట్టి చూస్తే, పూత లేచిపోయిన నాలుగైదు గుంటలు ఒకే వరుసలో కనిపించాయి. గుంటల అడుగు పసుపుగా కాక గులాబీ ఛాయలో ఉంది. సూది మొనతో మెల్లగా తాకితే మట్టిపెళ్ళలా పొడి రాలింది. ఇది ఇత్తడిలోని జింకు కరిగిపోయి, గుల్లబారిన రాగి మాత్రం మిగిలిన స్థితి. చూపుకు ఆకారం చెదరదు, బలం మాత్రం పోతుంది. ఇక పిస్టన్ కత్తి అంచును పరిశీలిస్తే, ఒకచోట వెంట్రుకవాసి నొక్కు. సీటు మీద పడిన గుండ్రని గీతలో సరిగ్గా దానికి ఎదురుగా చిన్న తెగుడు. ఉప్పు పలుకు ఒకటి రెండింటి మధ్య ఇరుక్కుని, పీల్చిన ప్రతిసారీ నలిగి ఆ గాటు పెట్టి ఉంటుంది. ముల్లు పాకడానికి కారణం అదే.

శిక్షకుడి సెట్లలో ఫిల్టర్ బంగారు ఛాయలోనే ఉంది. స్ప్రింగు గదిలో పలుచని మరక తప్ప గుంటలు లేవు. సీటు మీద గీత గుండ్రంగా, తెగకుండా ఉంది.

తొట్టిలోని నీళ్ళు

సముద్రమూ ఒకటే, పరికరమూ ఒకటే అయినప్పుడు మిగిలిన తేడా కడుగులో ఉండాలి. కేంద్రానికి వెళ్ళి చూశాం. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి తొట్టిలా పెట్టుకున్నారు. పొద్దున బోరు నీళ్ళతో నింపితే సాయంత్రం దాకా అవే. వెట్‌సూట్లు, జాకెట్లు, ఫిన్లు, మాస్కులు, రెగ్యులేటర్లు అన్నీ అందులోనే మునిగేవి, అదీ ఆ వరుసలోనే. రెగ్యులేటర్ల వంతు ఆఖరున.

నీటిశుద్ధి యంత్రాలు బిగించేవాళ్ళ జేబుల్లో ఉండే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్నుతో పొద్దున నింపిన నీళ్ళనే కొలిచాం. లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన పరిమితి 500. వేరే నీళ్ళు దొరకనిచోట 2000 వరకు సరిపెట్టుకోమంటుంది. సముద్రపు ఒడ్డున తవ్విన బోరులో ఇది వింతేమీ కాదు. మధ్యాహ్నానికి ఏమవుతుందో కాగితం మీద లెక్క కట్టి చూపించాను. తొట్టిలో 80 లీటర్లు ఉన్నాయనుకుందాం. పదిమంది సామాను మునిగిందంటే, సూట్లలో, జాకెట్లలో నిలిచిన సముద్రపు నీరు మనిషికి లీటరు చొప్పున వేసుకున్నా పది లీటర్లు. సముద్రాల సగటు ఉప్పదనం లీటరుకు దాదాపు 35 గ్రాములు. వానల తరువాత నదుల నీరు కలిసే మన తీరంలో ఇంకా తక్కువ కనుక 30 అనుకున్నా, ఆ తొట్టిలో అదనంగా 300 గ్రాముల ఉప్పు చేరుతుంది. బోరు నీళ్ళలో ముందే ఉన్నదానికి తోడు లీటరుకు మరో మూడు గ్రాములకు పైగా. రెగ్యులేటర్లు మునిగేది ఆ నీళ్ళలో, అదీ రెండు మూడు నిమిషాలు.

ఈ లెక్క సిబ్బందికి అంతగా ఎక్కలేదు. నీటిలో ఉప్పు తాలూకు క్లోరైడు ఉంటే తెల్లగా చూపించే వెండి నైట్రేట్ పరీక్ష ఎక్కింది. ఇది చాలా తేలికైనది. అప్పుడే కడిగి పెట్టిన రెగ్యులేటర్ స్ప్రింగు గదిలో, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ కొంచెం పోసి కుదిపి, గాజు గొట్టంలోకి వంపాం. అందులో వెండి నైట్రేట్ ద్రావణం ఒక్క చుక్క వేయగానే పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. అదే డిస్టిల్డ్ వాటర్‌లో విడిగా వేసి చూపిస్తే తేటగానే ఉంది. శిక్షకుడి సెట్ నుంచి తీసిన నీటిలో కాస్త పొగమబ్బులా కనిపించి ఊరుకుంది. క్లోరైడు ఎంత ఉందో ఈ పరీక్ష అంకెల్లో చెప్పదు కాని, కళ్ళకు చూపిస్తుంది. ఆ ద్రావణం వేళ్ళకు తగిలితే నల్లమచ్చ కొన్నాళ్ళు పోదు, తొడుగులు వేసుకోవాలి.

వానాకాలమంతా పెట్టెలో

ఇంత ఉప్పు లోపల ఉన్నా సీజను నడుస్తున్నంతకాలం ఫిర్యాదులు లేవు. రోజూ గాలి పారుతూ, పిస్టన్ కదులుతూ ఉండడం వల్ల అప్పటికి ఎక్కడా బిగుసుకోలేదు. సీజను ముగిశాక సెట్లన్నిటినీ ఒక పూట ఎండలో ఆరబెట్టి, మూతలున్న ప్లాస్టిక్ పెట్టెల్లో సర్ది, కొత్త సీజను దాకా ముట్టుకోలేదు. వాటిని తినేసింది ఆ విరామమే అని నా నిర్ధారణ.

కారణం ఉప్పు స్వభావంలో ఉంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తాను తడిని పీల్చుకుని ద్రావణంగా మారుతుంది. సముద్రపు లవణాల్లో దాని తరువాతి స్థానం మెగ్నీషియం క్లోరైడుది. అది దాదాపు 33 శాతం తేమ దగ్గరే కరిగిపోతుంది. విశాఖ గాలిలో తేమ అంత తక్కువకు దిగే రోజులు ఏడాదిలో ఎన్ని ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వానాకాలంలో ఉతికిన బట్టలే ఆరవు. కనుక ఈ ఊళ్ళో సందుల్లో ఉప్పు మిగిలిన రెగ్యులేటర్ ఆరిందని అనుకోవడమే గాని, అది ఎన్నడూ పూర్తిగా ఆరదు. ఓ-రింగు గాడిలో, స్క్రూ మరల మధ్య, స్ప్రింగు చుట్టు కింద చిక్కని ఉప్పు ద్రావణపు పొర అలాగే ఉంటుంది, దానికి మూత వేసిన పెట్టె ఇంకా అనుకూలం. ఎండబెట్టడం ఇక్కడ మేలుకన్నా కీడే చేసింది. రబ్బరుకు వేడి దెబ్బ తగిలింది, ఉప్పు పలుకులు కట్టింది, ఆ పలుకులే సీటు మీద గాట్లు పెట్టాయి. పొడి వాతావరణమున్న దేశాల్లో రాసిన సంరక్షణ సూచనల్లో 'బాగా ఆరబెట్టి భద్రపరచండి' అన్న వాక్యానికి ఇచ్చిన బరువు మన తీరంలో 'ఉప్పు మిగలకుండా కడగండి' అన్నదానికి ఇవ్వాలి. డైవుల సంఖ్యను బట్టి సర్వీసు గడువు లెక్కపెట్టే పద్ధతి కూడా ఇందుకే ఇక్కడ చాలదు. వాడని నెలలు ఆ లెక్కలోకి రావు.

యోక్ స్క్రూ బిగుసుకున్న సెట్ కథ కొంచెం వేరు. ఆకుపచ్చ మరకలు చూసి ఒక సహాయకుడు ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి యోక్‌నూ, దాని మరలనూ తోమాడు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, సందేహం లేదు; పూత లేని బిందెకు అది సరైన వైద్యమే. ఇక్కడ మాత్రం పులుసూ ఉప్పూ కలిసి మరల్లోకి దిగి, పూత లేచిన చోటల్లా ఇత్తడిని తినుకుంటూ పోయాయి. అయినా అమ్మోనియా కలిసిన పాలిషు వాడనందుకు అతన్ని మెచ్చుకున్నాను. ఒత్తిడిలో ఉన్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే హఠాత్తుగా బీటలు వారుతుంది. బ్రిటిష్ వారి కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు అలా పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అందుకు కారణమని 1921లో వివరించారు. 200 బార్ గాలిని పట్టి ఉంచే భాగానికి అటువంటి పాలిషు దగ్గరికి కూడా రానివ్వకూడదు.

ఏది ఉంచాం, ఏది పారేశాం

రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేసి, ఇత్తడి భాగాలను సగం వెనిగర్, సగం నీళ్ళ మిశ్రమంలో ధ్వని కంపనాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్టిలో కొద్ది నిమిషాలే ఉంచాం. ఎక్కువసేపు ఉంచితే పూత లేచినచోట ఇత్తడిని ఆమ్లం తినడం మొదలుపెడుతుంది. తరువాత వంటసోడా నీళ్ళు, ఆపైన డిస్టిల్డ్ వాటర్, చివర శుభ్రమైన గాలి.

బాడీని ఉంచాలా వద్దా అన్నదానికి నేను పెట్టుకున్న కొలమానం ఒకటే. ఓ-రింగు ఆనే చోట గాని, జరిగే దారిలో గాని గుంట ఉంటే ఆ బాడీ పనికిరాదు. బయట ఎంత పూత లేచినా, చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉన్నా, ఈ చోట్లు బాగుంటే అది పనికొస్తుంది. యజమానికి ఇది నచ్చజెప్పడం కష్టమైంది, ఎందుకంటే మేము పక్కన పెట్టిన వాటిలో బయట తళతళలాడేవి ఉన్నాయి, ఉంచినవాటిలో మచ్చలతో ఉన్నవి ఉన్నాయి. గులాబీ మచ్చ స్క్రూ మరల దగ్గర కనిపించిన బాడీలను సందేహం లేకుండా తీసేశాం. నొక్కు పడిన పిస్టన్లను సానపట్టి సరిచేయవచ్చని కొందరు మెకానిక్కులు అంటారు, నేను ఒప్పుకోను. ఆ అంచు కోణం, వెడల్పు తయారీదారు కొలతలో ఉంటాయి, చేతితో అరగదీస్తే అప్పటికి ముల్లు నిలిచినా సీటును త్వరగా కోసేస్తుంది. పిస్టన్లు మార్చాం. సీట్లు, ఓ-రింగులు, ఫిల్టర్లు అన్నిటికీ కొత్తవే.

మరుసటి సీజను

కడుగు పద్ధతి మారింది. రెగ్యులేటర్లకు వేరే తొట్టి పెట్టారు, అందులో ట్యాంకరు తెచ్చే మునిసిపల్ నీళ్ళే పోస్తారు, ప్రతి జట్టు తరువాత పారబోస్తారు. అన్నిటికన్నా పెద్ద మార్పు, సిలిండరు నుంచి విప్పకుండా, వాల్వు తెరిచి గాలి ఒత్తిడి ఉండగానే నానబెట్టడం. అలా చేస్తే పర్జ్ బటన్ పొరపాటున నొక్కుకున్నా గాలి బయటికి వస్తుందే గాని నీళ్ళు లోపలికి పోవు. గోరువెచ్చని నీళ్ళలో అరగంటకు తగ్గకుండా ఉంచమన్నాను. ఇరుకు సందుల్లోని ఉప్పు నీళ్ళు పోసినంత మాత్రాన రాదు, మెల్లగా బయటికి ఊరాలి. తీశాక యోక్ చుట్టూ తుడిచి, వాల్వు మూసి, గాలి వదిలి, అప్పుడు విప్పి పొడి డస్ట్ క్యాప్ పెట్టడం. వానాకాలానికి పెట్టెలు మానేసి నీడపట్టున కొక్కేలకు వేలాడదీశారు.

ఆ మరుసటి వానాకాలం తరువాత తెచ్చిన సెట్లలో మధ్యస్థ ఒత్తిడి అన్నిటిలోనూ నిలకడగా ఉంది, ఫిల్టర్లు పచ్చబారలేదు. అయితే రెండు గేజిల మెడ దగ్గర గాలి కారింది. అక్కడ గేజి తిరగడానికి వీలుగా ఒక చిన్న పిన్ను, దాని మీద రెండు సన్నని ఓ-రింగులు ఉంటాయి. పిన్ను మీది పూత అరిగి చిలుము పట్టింది. ఒత్తిడి ఉన్న గేజి మెడను మాటిమాటికీ తిప్పే అలవాటు దీనికి తోడు. పిన్నులు మార్చాం.

హోసుల దగ్గర ఇంకొకటి బయటపడింది. ఫస్ట్ స్టేజ్ వైపు హోసు వంగి విరగకుండా తొడిగే రబ్బరు ప్రొటెక్టర్లను వెనక్కి జరిపి చూడగా, వాటి కింద హోసు కొనను పట్టి ఉంచే లోహపు పట్టీ (ఫెర్రుల్) మీద ఉప్పు పెచ్చు కట్టి, హోసు మొదట్లో రబ్బరు బీటలు వారి ఉంది. ఎంత నానబెట్టినా ఆ తొడుగు కిందికి మంచినీళ్ళు సరిగా చేరవు, చేరినవి బయటికి రావు. బీటలున్న హోసులు తీసేసి కొత్తవి వేశాం. మిగతావాటి ప్రొటెక్టర్లను కోసి పారేయించాను.